నార్స్ భాషలో కవిత్వానికి ఉన్న మాటలు: వాటి మూలం మీరే తవ్వి చూడటం ఎలా

వైకింగ్‌ల మీద వచ్చిన సీరియల్స్ చూసినవాళ్లకి, గేమ్స్ ఆడినవాళ్లకి ‘స్కాల్డ్’ అనే మాట ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. రాజు కొలువులో కూర్చుని ఆయన గెలిచిన యుద్ధాల మీద, ఆయన పంచిపెట్టిన బంగారం మీద పద్యాలు కట్టే కవి స్కాల్డ్. ఆ కవి చేసే పని పేరు స్కాల్డ్‌స్కప్ర్, అంటే కవిత్వం. ఇక ఈ మాట ఎక్కడ పుట్టిందని వెతికితే మాత్రం ఒక్కోచోట ఒక్కో కథ చెప్తారు. మన గ్రూపుల్లో అయితే, ఏ యూరప్ మాట కనపడినా దానికి దగ్గరగా వినిపించే సంస్కృత పదం ఒకటి పట్టుకొచ్చి పక్కన పెట్టి, "చూశారా, ఇది మన దగ్గర్నుంచి వెళ్లిందే" అని ఫార్వర్డ్ చేసేస్తారు. నాకు ఈ విషయం మీద ప్రేమ ఎక్కువ, అందుకే అవి చూస్తే బాధేస్తుంది. అసలు కథ దానికంటే చాలా బాగుంటుంది. అందులో సంస్కృతానికి చోటు కూడా ఉంది, కాకపోతే వాళ్లు చూపించే చోట ఉండదు.

కాబట్టి ఈ గైడ్. దీనికి మీకు ఐస్‌లాండిక్ రానక్కర్లేదు, జర్మన్ రానక్కర్లేదు. ఇంటర్నెట్, కాస్త ఓపిక, గుర్తుపెట్టుకోవడానికి నాలుగైదు ధ్వని సూత్రాలు ఉంటే చాలు. కవిత్వానికి నార్డిక్ భాషల్లో ఉన్న మాటల్నే ఉదాహరణగా పెట్టుకుని వెళ్దాం.

ముందు ఏ మాట కావాలో తేల్చుకోండి

"స్కాండినేవియన్‌లో కవిత్వాన్ని ఏమంటారు?" అని అడిగితే ఒక్క జవాబు రాదు, ఎందుకంటే స్కాండినేవియన్ అనే ఒక్క భాష లేదు. ఇవాళ డేనిష్‌లో కవితని ‘దిగ్త్’ అంటారు, స్వీడిష్, నార్వేజియన్లలో ‘దిక్త్’. ఐస్‌లాండ్‌లో ‘ల్యోద్’. ఫారో దీవుల్లో ‘క్వేది’ అంటే చేతులు పట్టుకుని వలయంగా ఆడుతూ పాడే పొడవైన గాథాగీతం. ఈ భాషలన్నిటికీ వెనక, సుమారు వెయ్యేళ్ల కిందట, స్కాండినేవియాలోనూ ఐస్‌లాండ్‌లోనూ మాట్లాడిన ప్రాచీన నార్స్ భాష ఉంది, దాంట్లో కవిత్వానికి ఇంకా ఎక్కువ మాటలున్నాయి. 1220 ప్రాంతంలో ఐస్‌లాండ్ పండితుడు స్నోర్రి స్టుర్లుసన్ కుర్ర కవుల కోసం రాసిన పాఠ్యపుస్తకంలో కవిత్వానికి ఉన్న పేర్లు వరసగా చెప్పాడు: బ్రగ్ర్, హ్రోద్ర్, ఓద్ర్, మేర్ద్, లోవ్. చివరి రెండిటికీ పొగడ్త అనే అర్థం.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. ఇవాళ్టి స్వీడిష్ మాట అర్థాన్ని పట్టుకెళ్లి పదో శతాబ్దపు పద్యానికి తగిలించేస్తారు. ‘స్కాల్డ్’నే తీసుకోండి. స్వీడిష్‌లో ఇప్పటికీ ఆ మాట బతికే ఉంది, మహాకవి అన్నట్టు కొంచెం గొప్పగా వినిపిస్తుంది. ఐస్‌లాండ్‌లో నవలలు రాసేవాళ్లని కూడా స్కాల్డ్ అనొచ్చు, నవల పేరే ‘స్కాల్డ్‌సాగ’, కల్పనా సాహిత్యం మొత్తం స్కాల్డ్‌స్కపుర్ కిందకే వస్తుంది. వైకింగ్ కాలంలో ఈ అర్థం లేదు. అందుకని కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: ఏ భాష, ఏ కాలం, ఏ రాత ప్రతి. ఆ తర్వాతే మిగతాది.

ఇంకో చిన్న సంగతి. ఈ మాటల చివర కనిపించే ‘ర్’ మూలంలో భాగం కాదు. మన రాముడులో ‘డు’ ఎలాగో ఇదీ అలాగే, ప్రథమా విభక్తి గుర్తు. ఆధునిక ఐస్‌లాండిక్‌లో అది ‘ఉర్’ అయింది: ఓద్ర్ ఓదుర్ అయింది, బ్రగ్ర్ బ్రగుర్ అయింది. మూలం వెతికేటప్పుడు దాన్ని తీసేసి చూడాలి. వెతకడానికి టైప్ చేసేటప్పుడు మాత్రం తీసేయకూడదు, నిఘంటువులో మాట దాంతోనే ఉంటుంది. ఫోన్లో ఐస్‌లాండిక్ కీబోర్డు జోడించుకుంటే గీత గీసిన ‘డి’ లాంటి అక్షరం, గీత పెట్టిన ‘ఓ’, అన్నీ దొరుకుతాయి. ఆ గీతలు వదిలేసి వెతికితే వేరే మాటలు వచ్చి పడతాయి.

ఎక్కడ వెతకాలి

ప్రాచీన నార్స్‌కి ఇంగ్లిష్‌లో ఉన్న పాత పెద్ద నిఘంటువు క్లీస్బీ, విగ్ఫూసన్‌లది, 1874లో పూర్తయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అర్థాలకి బాగుంటుంది. మూలాల విషయంలో పాతబడింది, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. వచన గ్రంథాల్లో ఒక మాట ఎక్కడెక్కడ వాడారో చూడటానికి కోపెన్‌హాగెన్‌లో తయారవుతున్న నార్స్ వచన నిఘంటువు ఉంది, అదీ ఆన్‌లైన్లో ఉచితమే. పద్యాల కోసం స్కాల్డిక్ ప్రాజెక్ట్ డేటాబేస్ చూడండి, ఒక్కో పద్యం, దాని పాఠాంతరాలు, ఇంగ్లిష్ అనువాదం పక్కపక్కనే ఇస్తుంది. మూలాల కోసమైతే ఆస్గేర్ బ్లోందాల్ మాగ్నూసన్ 1989లో తెచ్చిన ఐస్‌లాండిక్ వ్యుత్పత్తి నిఘంటువు, జర్మానిక్ భాషల (నార్స్, జర్మన్, ఇంగ్లిష్ ఉన్న కుటుంబం) మూల రూపాల కోసం గూస్ క్రోనెన్ 2013లో తెచ్చింది.

స్వీడిష్ అకాడమీ నిఘంటువు గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. 1883లో పని మొదలుపెట్టి 2023లో చివరి సంపుటం ప్రెస్‌కి పంపారు. నూట నలభై ఏళ్లు! ఒక్కో అర్థం కింద అది రాతలో కనిపించిన ఏడాదితో సహా ఉదాహరణలుంటాయి. స్వీడిష్ రాకపోయినా ఆ ఏడాదులు చదివితే చాలు, ఏ అర్థం ముందు వచ్చిందో, ఏది తర్వాత వచ్చిందో తెలిసిపోతుంది.

నిఘంటువు చూసేటప్పుడు మూలం గురించిన భాగంలో ప్రశ్నార్థకం, "బహుశా", "సందిగ్ధం" లాంటివి ఉన్నాయేమో ముందు చూడండి. నెట్‌లో కాపీ కొట్టేవాళ్లు మొదట తీసేసేది వాటినే.

ధ్వని సూత్రాలు, కొద్దిగా

రెండు భాషల్లో మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టాలు కావు. చుట్టాలైన మాటల్లో ధ్వనులు ఒక పద్ధతిలో మారి ఉంటాయి, ఒక మాటలో కాదు, వరసగా అన్ని మాటల్లోనూ. 1818లో డేనిష్ పండితుడు రాస్మస్ రస్క్ ప్రాచీన నార్స్ మూలం మీద రాసిన వ్యాసంలో ఈ పద్ధతిని చూపించాడు (ఈయన ఆ తర్వాత భారతదేశానికీ సిలోన్‌కీ కూడా వచ్చాడు). 1822లో యాకోబ్ గ్రిమ్ దాన్ని సూత్రంగా బిగించాడు, అందుకే గ్రిమ్ సూత్రం అంటారు.

మనకి అవసరమైనంత వరకు ఇదీ విషయం. సంస్కృతంలో, లాటిన్‌లో ‘ద’ ఉన్నచోట నార్స్‌లో ‘త’ వస్తుంది: దశ అక్కడ ‘తీఉ’, ద్వి అక్కడ ‘త్వేర్’. మూలంలో ‘క’ ఉన్నచోట ‘హ’ వస్తుంది, ఆ ‘క’లో ఒక రకం సంస్కృతంలో ‘శ’ అయింది కాబట్టి శతం అక్కడ ‘హుంద్రద్’. ‘భ’ ఉన్నచోట ‘బ’: భ్రాతృ అక్కడ ‘బ్రోదిర్’. సంస్కృత ‘హ’కి చాలాచోట్ల ‘గ’: హంస అక్కడ ‘గాస్’. దీర్ఘ ‘ఆ’ వాళ్ల దగ్గర ‘ఓ’ అయిపోతుంది: మాతృ అక్కడ ‘మోదిర్’. చివరిది, ‘ఓ’, ‘ఉ’ల ముందు ‘వ’ నార్స్‌లో రాలిపోతుంది: ఇంగ్లిష్ వర్డ్ అక్కడ ‘ఓర్ద్’, వుల్ఫ్ అక్కడ ‘ఉల్వ్ర్’.

ఇక్కడ తెలుగువాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. తెలుగు ద్రావిడ భాష. మన దగ్గరున్న తత్సమాలకి నార్స్‌తో దూరపు చుట్టరికం ఉండొచ్చు, అది సంస్కృతం ద్వారా వచ్చిన చుట్టరికం. పాట, మాట, ఆట లాంటి మాటల్ని నార్స్‌తో పోల్చి ప్రయోజనం లేదు. రెండోది, చుట్టరికం అంటే నార్స్ సంస్కృతంలోంచి పుట్టిందని అర్థం కాదు. రెండూ అంతకుముందున్న ఇంకో భాష నుంచి వచ్చాయి, అక్కాచెల్లెళ్ల పిల్లల వరస.

దిగ్త్: అరువు మాటని పట్టుకోవడం

సులువైన దాంతో మొదలుపెడదాం. దిగ్త్, దిక్త్ లాటిన్ ‘దిక్తారె’కి దగ్గరగా కనిపిస్తాయి. దిక్తారె అంటే చెప్పి రాయించడం, మనం బళ్లో రాసిన డిక్టేషన్ అదే. దాని కింద ‘దికెరె’, అంటే చెప్పడం, దాని కింద చూపించడం అనే అర్థమున్న పాత ధాతువు ఉన్నాయి. సంస్కృతంలో అదే ధాతువు ‘దిశ్’. దిశ, ఉపదేశం, ఆదేశం అన్నీ అక్కడివే.

మరి దిగ్త్ నార్స్ సొంత మాటేనా? సూత్రం పెట్టి చూడండి. సొంత మాటైతే ‘ద’ కాస్తా ‘త’ అయ్యుండాలి. ఇక్కడ ‘ద’ ‘ద’లాగే ఉంది. అంటే గ్రిమ్ సూత్రం చెప్పే మార్పులు జరిగిపోయాక బయటినుంచి వచ్చిన మాట. అసలు సొంత మాట వేరే ఉంది, ‘త్యా’, అంటే చూపించడం, తెలియజేయడం, ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ వాడతారు. దశకి తీఉ ఎలాగో దిశ్‌కి త్యా అలాగ. నాకు ఈ జోడీ చాలా ఇష్టం, ఎందుకంటే చూపుకి ఏమాత్రం పోలిక లేని దిశ, త్యా నేరుగా చుట్టాలు, అచ్చం ఒకేలా కనిపించే దిగ్త్, దిక్తారెలది అరువు సంబంధం.

దారి కూడా తెలుసు. లాటిన్ నుంచి జర్మన్‌లోకి ‘దిఖ్తెన్’గా వెళ్లింది, ఉత్తర జర్మనీ వర్తకుల భాష నుంచి డేనిష్, స్వీడిష్‌లోకి దిగింది. మధ్యయుగాల్లో లూబెక్ వర్తకులు బెర్గెన్ నుంచి విస్బీ, స్టాక్‌హోమ్ దాకా ఉండేవాళ్లు, వాళ్ల భాష నుంచి వచ్చిన మాటలు డేనిష్, స్వీడిష్ నిండా ఉన్నాయి.

అర్థం ఎలా జారిందో గమనించండి: చూపించడం, చెప్పడం, చెప్పి రాయించడం, రచించడం, పద్యం కట్టడం. చెప్పి రాయించడం రచన ఎలా అయిందంటే, ఆ రోజుల్లో రచయిత నోటితో చెప్తే లేఖకుడు రాసేవాడు, వ్యాసుడు చెప్తే వినాయకుడు రాసినట్టు. అక్కడితో ఆగలేదు. డేనిష్‌లో ‘ఒప్‌దిగ్తెత్’ అంటే కల్పించింది, ఉన్నది కాదు అని. కవిత్వం, అబద్ధం ఒకే మాట గొడుగు కిందకి వచ్చాయి.

దీని చుట్టూ ఒక ఉచ్చు ఉంది. జర్మన్‌లో ‘దిఖ్త్’ అంటే దట్టమైన అని కూడా అర్థం. కవిత్వమంటే మాటల్ని దట్టంగా కుదించడం అని దీని మీద ఎన్నో వ్యాసాలు నడిచాయి, 1930లలో అమెరికన్ కవి ఎజ్రా పౌండ్ ఈ పోలికని బాగా ప్రచారం చేశాడు. కవిత్వం గురించిన ఆలోచనగా గొప్పదే, మూలంగా మాత్రం తప్పు. దట్టమైన అనే దిఖ్త్ జర్మన్‌ల సొంత మాట, దీని ధాతువు వేరు.

హ్రోద్ర్: కీర్తి ఉన్న చోటు

ఇది త్వరగా అయిపోతుంది, కానీ వదలలేను. హ్రోద్ర్ అంటే పేరుప్రతిష్ఠలు, పొగిడే పద్యం. ‘హ’ వెనక పాత ‘క’, ‘ఓ’ వెనక పాత ‘ఆ’ పెట్టి చూస్తే పొగడటం, చాటడం అనే ధాతువు తేలుతుంది. సంస్కృతంలో ఆ ధాతువు నుంచి వచ్చిన మాట కీర్తి. అంటే నార్వే రాజు ముందు స్కాల్డ్ చదివిన హ్రోద్ర్‌కీ, అన్నమయ్య పాడిన కీర్తనకీ ధాతువు ఒకటే. రుడాల్ఫ్, రోడరిక్ పేర్లలో మొదటి సగం కూడా ఇదే. ఫార్వర్డ్‌లు రాసేవాళ్లు ఇలాంటివి చెప్తే ఎంత బాగుండు!

ఓద్ర్: ఒక మాట, మూడు ముఖాలు

నన్నడిగితే అన్నిటికంటే లోతైన మాట ఇదే. విశేషణంగా ఓద్ర్ అంటే పిచ్చెత్తిన, రంకెలేస్తున్న అని. నామవాచకంగా మనసు అని ఒక అర్థం, కవిత అని ఇంకో అర్థం.

ముందు ధ్వనులు. వెనక్కి వెళ్లి రాలిపోయిన ‘వ’ చేర్చండి, ‘ఓ’ని ‘ఆ’ చేయండి, ‘వాత్’ లాంటి రూపం వస్తుంది. చుట్టుపక్కల చూస్తే గోతిక్ అనే అంతరించిపోయిన జర్మానిక్ భాషలో ‘వోద్స్’ అంటే పూనకం వచ్చినవాడు, జర్మన్‌లో ‘వూట్’ అంటే ఉగ్రకోపం, లాటిన్‌లో ‘వాతెస్’ అంటే జోస్యం చెప్పేవాడు, కవి, పాత ఐరిష్‌లో ‘ఫాయ్థ్’ అంటే ద్రష్ట. కోపం, పూనకం, జోస్యం, కవిత్వం: వీటిని కలిపే దారం ఒకటుంది, మనిషిలోకి ఇంకేదో ప్రవేశించడం. దేవుడు ఓదిన్ పేరు కూడా ఇక్కడిదే, జర్మనీ వైపు ‘వ’ మిగిలి వోదన్ అయ్యాడు. 1075 ప్రాంతంలో బ్రెమెన్‌కి చెందిన ఆదం అనే చర్చి చరిత్రకారుడు "వోదన్ అంటే ఉగ్రత" అని లాటిన్‌లో రాసిపెట్టాడు. ఆ దేవుడి పేరు మీద వారం ‘ఓన్స్‌దాగ్’, మన బుధవారం.

ధాతువు దొరికింది కదా అని ఆగిపోకండి. ఇక్కడ చాలామంది "నార్స్ ప్రజలకి కవిత్వమంటే పిచ్చి" అని ఒక వాక్యం రాసి లేచిపోతారు. ధాతువు ఒక మాట ఎక్కడ బయల్దేరిందో చెప్తుంది. ఒక పద్యంలో ఆ మాటకి అర్థమేంటో చెప్పాల్సింది ఆ పద్యమే. సుమారు 1270లో రాసిన ఒక చర్మపు ప్రతిలో సృష్టి గురించిన పాత పద్యం ఉంది. ఒడ్డున పడి ఉన్న ఆస్క్, ఎంబ్లా అనే ఇద్దరికి ముగ్గురు దేవుళ్లు ప్రాణం పోస్తారు. ఊపిరి ఇచ్చింది ఓదిన్, ఓద్ర్ ఇచ్చింది మాత్రం హోనిర్ అనే ఇంకో దేవుడు. ఇక్కడ పిచ్చి అనీ కవిత అనీ అర్థం చెప్తే పద్యం చెడిపోతుంది, మనసో చైతన్యమో అనుకోవాలి. అదే స్నోర్రి జాబితాలో ఓద్ర్ అంటే తయారైన పద్యం, కవి కట్టి చేతిలో పెట్టే వస్తువు. అందుకని కనీసం నాలుగైదు ప్రయోగాలు డేటాబేస్‌లో తీసి, ఎవరు, ఎవరి ముందు, దేని గురించి అన్నారో చూడండి. మూడు ముఖాలూ విడివిడిగా కనిపిస్తాయి.

ఇంకో ఉచ్చు: ఇంగ్లిష్ ‘ఓడ్’. బీతోవెన్ సింఫనీలో వినిపించే ఆనంద గీతాన్ని ఐస్‌లాండిక్‌లో ‘ఓదుర్’ అనే అంటారు, కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. ఇంగ్లిష్ ఓడ్ గ్రీకు నుంచి వచ్చింది, పాడటం అనే ధాతువు దానిది. ఐస్‌లాండ్‌వాళ్లు తమ పాత మాటని, విదేశీ మాటకి దగ్గరగా వినిపిస్తోందని, ఆ పనికి వాడుకున్నారు. మూలాలు వేరు, వాడుకలో కలిశాయి. రెండూ రాసుకోండి, ఒకదాన్ని ఇంకోదానికి సాక్ష్యంగా వాడకండి.

బ్రగ్ర్: సూత్రం ఒప్పుకున్నా తేలనిది

బ్రగ్ర్ అంటే కవిత్వం, అలాగే అందరిలో మొదటివాడు అని కూడా. బ్రాగి కవిత్వానికి దేవుడు. స్నోర్రి అయితే బ్రాగి పేరు మీదే కవిత్వానికి బ్రగ్ర్ అని పేరు వచ్చిందంటాడు. పాత పండితుల వ్యుత్పత్తిని వినాలి, కానీ అది వాళ్ల కాలంలో మాట ఎలా అర్థమైందో చెప్తుంది, మాట ఎలా పుట్టిందో చెప్పకపోవచ్చు. పైగా తొమ్మిదో శతాబ్దంలో బ్రాగి బొద్దాసన్ అనే నిజమైన కవి ఉన్నాడు, మనకి పద్యాలు మిగిలిన స్కాల్డ్‌లలో అందరికంటే పాతవాడిగా ఆయన్నే లెక్కేస్తారు. కవి దేవుడయ్యాడా, దేవుడి పేరు కవికి పెట్టారా అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయం.

దీన్ని సంస్కృత ‘బ్రహ్మన్’తో పోల్చడం పాతకాలం నుంచి ఉంది. వేదంలో బ్రహ్మన్ అంటే మంత్రం, స్తుతి కూడా కాబట్టి మనకి ఆశ పుడుతుంది. సూత్రం పెట్టి చూడండి: సంస్కృత ‘హ’కి నార్స్ ‘గ’, హంసకి గాస్ లాగ, సరిపోతుంది. మొదటి ‘బ’ కూడా నప్పుతుంది, ఎందుకంటే సంస్కృతంలో ఒకే మాటలో రెండు మహాప్రాణాలు వస్తే మొదటిది తగ్గిపోతుంది, ఆ ‘బ’ ముందు ‘భ’ అయ్యుండొచ్చు. అయినా నిఘంటువులు ప్రశ్నార్థకం పెట్టే వదులుతాయి. మాట కట్టుబడి వేరు, మధ్యలో అర్థాన్ని కలిపే ప్రయోగాలు లేవు, బ్రగ్ర్‌కి జర్మానిక్‌లోనే వేరే మూలాలు చూపినవాళ్లున్నారు. ధ్వని సూత్రం తప్పిన పోలికని కొట్టేయొచ్చు. సూత్రం ఒప్పుకున్న పోలిక మాత్రం ఇంకా సాక్ష్యాల కోసం ఎదురుచూడాల్సిందే. మీ నోట్స్‌లో దీని పక్కన "సాధ్యం, రుజువు కాలేదు" అని రాయండి.

ఇప్పుడు స్కాల్డ్

మొదట వ్యాకరణం చూడండి, వింతగా ఉంటుంది. కవి మనిషే అయినా స్కాల్డ్ నపుంసక లింగం. ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ అంతే. ‘స్కప్ర్’ మాత్రం తేలిక, పనినీ స్థితినీ చెప్పే ప్రత్యయం, ఇంగ్లిష్ ఫ్రెండ్‌షిప్‌లో ‘షిప్’ లాంటిది. తర్వాత పాత సాక్ష్యం: స్వీడన్‌లోని ఉప్‌లాండ్ ప్రాంతంలో రూనిక్ అనే పాత జర్మానిక్ లిపి చెక్కిన రాళ్ల మీద ‘థోర్బ్యోర్న్ స్కాల్డ్’ అనే పేరుంది, రాయి చెక్కిన మనిషి తనని తాను కవి అని చెప్పుకున్నాడు. అంటే ఇది ఐస్‌లాండ్ పుస్తకాల్లో మాత్రమే ఉన్న మాట కాదు.

మూలం గురించి ఎక్కువమంది చెప్పేది జర్మన్ ‘షెల్టెన్’, డచ్ ‘స్కెల్దెన్’తో సంబంధం. రెండిటికీ తిట్టడం అని అర్థం. తిట్టేవాడు కవి అయ్యాడా? తెలుగువాళ్లకి ఇది మరీ వింతగా అనిపించకూడదు, తిట్టు కవిత్వం అనే మాట మన దగ్గరే ఉంది, వేములవాడ భీమకవి పద్యం తగిలితే ఏమవుతుందో మన పెద్దలు కథలుగా చెప్పారు.

నార్స్‌వాళ్లూ తిట్టు పద్యానికి అలాగే భయపడ్డారు. దాన్ని ‘నీద్’ అనేవాళ్లు. ఐస్‌లాండ్ పాత చట్టం గ్రాగాస్‌లో ఒకరి మీద ఇంకొకరు పద్యం కట్టడం గురించి ప్రత్యేకంగా రాశారు, తిట్టయినా పొగడ్తయినా కట్టకూడదన్నారు. పరువు తీసే పద్యానికి శిక్ష ‘స్కోగ్‌గంగ్ర్’, అంటే అడవి పాలవడం: ఆస్తి పోతుంది, ఎవరూ అన్నం పెట్టకూడదు, ఎవరైనా చంపొచ్చు. స్త్రీ మీద ప్రేమ పద్యం కట్టినా అదే శిక్ష! ఒక కథ స్నోర్రి రాసిన రాజుల చరిత్రలో ఉంది. డెన్మార్క్ రాజు హరాల్డ్ మనుషులు ఒక ఐస్‌లాండ్ ఓడలో సరుకు లాక్కున్నారు, దాంతో ఐస్‌లాండ్‌వాళ్లు సభ పెట్టి దేశంలో ఎన్ని ముక్కులున్నాయో ఆ రాజు మీద అన్ని తిట్టు పద్యాలు కట్టాలని చట్టం చేశారట. మన ఫోన్లలో బ్లూటూత్ అనే పేరు ఈ హరాల్డ్‌దే.

ఇదంతా చదివాక స్కాల్డ్ అంటే తిట్టేవాడే అని రాసేయాలనిపిస్తుంది. రాయకండి. ఎదుటి పక్షం కూడా వినాలి. మనకి మిగిలిన స్కాల్డ్‌ల పద్యాల్లో పెద్ద భాగం రాజుల పొగడ్తలు. చెప్పడం అనే వేరే ధాతువుతో, ఐరిష్‌లో కథ అనే అర్థమున్న ‘ష్కేల్’తో కలిపి చూసినవాళ్లూ ఉన్నారు. ఇంకొకటి, ఇంగ్లిష్ ‘స్కోల్డ్’, అంటే తిట్టడం, దీనికి రుజువుగా చూపిస్తారు. అది బహుశా నార్స్ స్కాల్డ్ నుంచే ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. అరువు వెళ్లిన మాట సాక్షిగా పనికిరాదు, దాన్ని రుజువు అంటే మాట తనకి తనే సాక్ష్యం చెప్పుకున్నట్టు. షెల్టెన్ మాత్రం జర్మన్‌ల సొంత మాట, దాని సాక్ష్యం చెల్లుతుంది. నా అంచనా ఏంటంటే తిట్టు వైపే తూకం మొగ్గుతుంది. అయినా "ఎక్కువమంది ఒప్పుకున్నది, తేలలేదు" అనే రాస్తాను.

కవులు తమ కవిత్వాన్ని ఏమన్నారో చదవండి

నిఘంటువులు పక్కన పెట్టి చేయాల్సిన పని ఇది, అర్థం నిజంగా తెలిసేది ఇక్కడే. స్కాల్డ్‌లు కవిత్వాన్ని నేరుగా పేరు పెట్టి పిలవడం కంటే చుట్టు తిప్పి పిలవడం ఎక్కువ: క్వాసిర్ నెత్తురు, మరుగుజ్జుల ఓడ, ఓదిన్ దొంగసొత్తు. ఇవి తెలియాలంటే స్నోర్రి చెప్పిన కథ తెలియాలి. దేవతల రెండు వంశాలూ సంధి చేసుకుని ఒక పాత్రలో ఉమ్మితే, ఆ ఉమ్మి నుంచి క్వాసిర్ అనే మహాజ్ఞాని పుట్టాడు. ఇద్దరు మరుగుజ్జులు అతన్ని చంపి, నెత్తుట్లో తేనె కలిపి మధువు కాచారు, అది తాగినవాడు కవి అవుతాడు. మధువు సుత్తుంగ్ అనే రాక్షసుడి చేతికి పోయింది. ఓదిన్ మారువేషంలో వెళ్లి, రాక్షసుడి కూతురు గున్‌లోద్‌ని మోసం చేసి, మూడు గుక్కల్లో మొత్తం తాగేసి, గద్దై ఎగిరొచ్చి దేవతల పాత్రల్లో కక్కాడు. తొందరలో వెనక నుంచి కొంత జారిపోయింది, అది పనికిమాలిన కవుల వాటా.

మధువు దాచిన పాత్రల్లో ఒకదాని పేరు ‘ఓద్రేరిర్’, ఓద్ర్‌ని కదిలించేది అని. మనం ధాతువుల్లో వెతికిన పూనకం ఇక్కడ కథగా ఉంది. పదో శతాబ్దపు ఐస్‌లాండ్ కవి ఎగిల్ స్కల్లగ్రిమ్సన్, తన కొడుకు సముద్రంలో మునిగిపోతే, తిండి మానేసి చావబోయాడు. కూతురు థోర్గెర్ద్ ఉపాయంగా పాలు తాగించి, పద్యం కట్టమంది. ఆ పద్యం మొదట్లో ఆయన నాలుక కదలడం లేదంటాడు, ఓదిన్ దొంగిలించి తెచ్చింది గుండెలోంచి తేలిగ్గా పైకి రావడం లేదంటాడు. ఓదిన్ తెచ్చింది అంటే కవిత్వం. ఆయన దృష్టిలో కవిత్వం లోపల్నుంచి లాగాల్సిన బరువైన వస్తువు, దొంగిలించి తెచ్చింది, నెత్తురంటింది.

అన్నీ చూశాక ఒక్కో మాటకి ఒక చిన్న చీటీ రాసుకోండి: మాట, భాష, మొదటి సాక్ష్యం ఎక్కడ, సొంతమా అరువా, చుట్టాలెవరు, ఏ ప్రయోగంలో ఏ అర్థం, ఎంతవరకు నమ్మొచ్చు. ఆ చివరి గడి ఖాళీగా వదలొద్దు. ప్రాక్టీస్ కోసం ల్యోద్, క్వేది మీరే చేసి చూడండి. ల్యోద్‌కి జర్మన్‌లో పాట అనే మాట దగ్గర మొదలుపెట్టండి. క్వేది వెనక ‘క్వెద’ అనే క్రియ ఉంది, పలకడం అని అర్థం, దాని చుట్టం ఒకటి పాత ఇంగ్లిష్ నాటకాల్లో "అన్నాడు" అనే అర్థంలో వస్తూనే ఉంటుంది.